పాస్టెల్ సరే, రెండో జన్యువు ఏది? ఫొటో చూసి బాల్ పైథాన్ మార్ఫ్ ఎంతవరకు చెప్పొచ్చు

మీరు పెట్టిన ఫొటోలన్నీ పెద్దవి చేసుకుని ఒక్కొక్కటీ చూశాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం ప్రశ్న క్లుప్తంగా: పెద్ద వయసు ఆడ బాల్ పైథాన్ (ఇళ్ళలో పెంచుకునే ఒక చిన్న కొండచిలువ జాతి), కాగితాలేవీ లేకుండా మీ చేతికొచ్చింది. పాత యజమాని "పాస్టెల్, హెట్ క్లౌన్" అని నోటిమాటగా చెప్పారు. ఇక్కడ ఒకరు లెమన్ బ్లాస్ట్ అన్నారు, ఇంకొకరు బంబుల్‌బీ అన్నారు, మూడో ఆయన పొట్ట శుభ్రంగా ఉంది కాబట్టి ఎల్లోబెల్లీ కూడా ఉందన్నారు. దీన్ని మీ బనానా మగపాముతో జత కట్టించొచ్చా అన్నది మీ అసలు ప్రశ్న. ఈ పేర్లన్నీ మార్ఫులవి, అంటే జన్యువుల వల్ల వచ్చే రంగు, గీతల రకాలవి; హెట్ అంటే ఆ జన్యువు ఒక్క కాపీనే ఉండి పైకి కనిపించనిది.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. పాస్టెల్ ఉంది, అందులో నాకు అనుమానం లేదు. దాంతోపాటు ప్యాటర్న్‌ను మార్చే జన్యువు ఇంకోటి ఉంది. అది పిన్‌స్ట్రైప్ అయ్యే అవకాశమే ఎక్కువ, కానీ స్పైడర్ లేదని ఈ ఫొటోలను బట్టి నేను గట్టిగా చెప్పలేను. ఎల్లోబెల్లీ సంగతి ఫొటోతో తేలదు, హెట్ క్లౌన్ సంగతి అసలే తేలదు. స్పైడర్ లేదని తేలేదాకా జత కట్టించొద్దు. ఇప్పుడు ఒక్కొక్కటి ఎందుకలా అంటున్నానో చెబుతాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మార్ఫ్ అంటే ఫలానా జన్యువులో ఫలానా మార్పు తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిందని అర్థం. రంగు దాని ఫలితం మాత్రమే, అదే రంగు వేరే కారణాల వల్ల కూడా వస్తుంది. ఏ మార్ఫూ లేని నార్మల్ బాల్ పైథాన్లలోనే ఎంత తేడా ఉంటుందో చూడండి: కొన్ని దాదాపు నల్లగా ఉంటాయి, కొన్ని బంగారు రంగులో మెరుస్తాయి, కొన్నింటికి వెన్ను మీద చార తోకదాకా సాగుతుంది, కొన్నింటికి ముక్కలు ముక్కలుగా తెగుతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా, టోగో, బెనిన్ నుంచి వచ్చే పాముల్లో వింతగా కనిపించేవి ఎప్పుడూ ఉంటాయి. వాటిని పెంపకందారులు డింకర్లు అంటారు, పిల్లల్లో కూడా అదే రూపం వస్తేనే దాన్ని జన్యువుగా ఒప్పుకుంటారు. వింతగా ఉన్న తల్లికి మామూలు పిల్లలే పుట్టిన సందర్భాలు బోలెడు. కాబట్టి ఫొటో చూసి ఎవరైనా చెప్పగలిగేది "ఇవి అయ్యుండొచ్చు" అనే ఒక చిన్న జాబితా. ఆ జాబితాలో ఏది నిజమో తేల్చేవి మూడే: తల్లిదండ్రుల వివరాలు, పుట్టిన పిల్లలు, కుబుసంతో చేసే డీఎన్ఏ పరీక్ష.

ఇక మీ పాము. పాస్టెల్ అని ఎందుకు నమ్ముతున్నానంటే పసుపు చూసి కాదు. ఫోన్ కెమెరా పసుపును ఎలాగైనా చూపిస్తుంది, బల్బు వెలుతురులో నార్మల్ పాము కూడా పాస్టెల్‌లాగే కనబడుతుంది. నేను చూసింది కళ్ళు. మూడో ఫొటోలో కన్ను ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులో ఉంది, నార్మల్‌లో అది ముదురుగా ఉంటుంది. పెదవుల దగ్గర పొలుసులు తెల్లగా పాలిపోయాయి, తల పైభాగం వెలిసినట్టు ఉంది, ముదురు మచ్చల మధ్యలో రంగు పలచబడి ఉంది. ఈ చివరిదాన్ని బ్లషింగ్ అంటారు. ఈ నాలుగూ ఒకేచోట కలిస్తే పాస్టెల్ అని ధైర్యంగా అనొచ్చు. "మరి ఇంత మసకగా ఉందేంటి, నెట్‌లో పాస్టెల్ నిమ్మపండులా ఉంటుందే" అని అడిగారు. నెట్‌లో కనిపించేవి ఎక్కువగా గుడ్డులోంచి వచ్చిన కొత్తలో, మొదటి కుబుసం విడిచాక తీసినవి. పాస్టెల్ వయసుతోపాటు గోధుమ రంగుకు తిరగడం మామూలే. పైగా మీ రెండో ఫొటోలో పొట్ట గులాబీ రంగులోకి మారి, కళ్ళు మబ్బుగా ఉన్నాయి, అంటే కుబుసం విడవబోతోంది. ఆ దశలో ఏ పామైనా మట్టి కొట్టుకుపోయినట్టే ఉంటుంది.

ఇక ప్యాటర్న్. ఇక్కడే అసలు చిక్కుంది, ఇక్కడే జాగ్రత్త కావాలి. పాస్టెల్‌తో పిన్‌స్ట్రైప్ కలిస్తే లెమన్ బ్లాస్ట్, పాస్టెల్‌తో స్పైడర్ కలిస్తే బంబుల్‌బీ. రెండూ పచ్చగా ఉంటాయి, రెండింటిలోనూ ముదురు రంగు తగ్గిపోయి సన్నటి గీతలు మిగులుతాయి, దూరం నుంచి చూస్తే పొరబడటం సహజం. దగ్గరగా చూస్తే తేడా ఉంటుంది. పిన్‌స్ట్రైప్‌లో వెన్ను పొడవునా రాగి, బంగారు రంగు పట్టీ ఉండి, దాని అంచుల వెంబడి సన్నటి ముదురు గీతలు నడుస్తాయి, అక్కడక్కడ పక్కలకు కారినట్టు దిగుతాయి. తల చాలావరకు ఖాళీగా, రాగి రంగులో ఉంటుంది. స్పైడర్‌లో గీతలు ఒక వరసలో సాగవు, సాలెగూడులా అడ్డదిడ్డంగా కలుస్తాయి. పొట్ట వైపు నుంచి తెలుపు పక్కల మీదికి పాకుతుంది, ఆ తెలుపులో చిన్న చిన్న నల్ల చుక్కలు చల్లినట్టు ఉంటాయి. తల మీద ముదురు గుర్తు స్పష్టంగా నిలుస్తుంది.

మీ పాము వెన్ను చూస్తే పిన్‌స్ట్రైప్ అనిపిస్తుంది, గీతలు రెండు వైపులా చక్కగా నడిచాయి. నన్ను ఆపుతున్నది ఎడమ పక్క. మొదటి ఫొటోలో నడుము దగ్గర తెలుపు కొంచెం పైకి ఎక్కినట్టు ఉంది, అది ఫ్లాష్ వెలుతురా, నిజంగా తెలుపా అన్నది నాకు తెలియడం లేదు. ఇంకో సంగతి, ఇక్కడ ఎవరూ దీన్ని ప్రస్తావించలేదు: "పిన్‌స్ట్రైపా, స్పైడరా" అని అడిగితే జవాబు "రెండూ" కావొచ్చు. ఆ రెండూ కలిస్తే స్పిన్నర్, దానికి పాస్టెల్ తోడైతే స్పిన్నర్ బ్లాస్ట్. పిన్‌స్ట్రైప్ లక్షణాలు దొరికాయి కదా అని స్పైడర్‌ను జాబితాలోంచి కొట్టేయకండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. స్పైడర్ జన్యువుతో తల ఊగడం అనే సమస్య వస్తుంది, దాన్ని వాబుల్ అంటారు. స్పైడర్ మార్ఫ్‌ను పెంపకంలో నిరూపించింది 1999లో, కెవిన్ మెకర్లీ అనే అమెరికా పెంపకందారు. ఈ సమస్య రక్తసంబంధం ఉన్న పాములను జత కట్టించడం వల్ల వచ్చిందని చాలాకాలం కొందరు వాదించారు. ఎన్ని తరాలు బయటి పాములతో కలిపినా స్పైడర్ ఉన్న చోట వాబుల్ ఉంటూనే వచ్చింది. 2022లో ప్లోస్ వన్ అనే శాస్త్ర పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో మైక్రో సీటీ స్కాన్ చేసి చూస్తే, స్పైడర్ పాముల లోపలి చెవిలో, బ్యాలెన్స్‌ను చూసుకునే భాగాలు వంకరగా ఏర్పడి ఉన్నాయని తేలింది. అంటే శరీర నిర్మాణంలోనే లోపం ఉంది, దానికి మందు లేదు. తీవ్రత ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది: కొన్నింటిలో తిండి చూసినప్పుడు తల చిన్నగా వణకడం తప్ప ఏమీ కనిపించదు, కొన్ని వెల్లకిలా తిరిగిపోతాయి, ఎరను గురిచూసి పట్టుకోలేవు. తల్లికి తక్కువగా ఉంటే పిల్లలకూ తక్కువే ఉంటుందన్న హామీ లేదు. బ్రిటన్‌లోని ఇంటర్నేషనల్ హెర్పెటలాజికల్ సొసైటీ తన ప్రదర్శనల్లో స్పైడర్ల అమ్మకాన్నే నిషేధించింది. ఈ జన్యువును తెలిసి తెలిసి ముందుకు తీసుకెళ్ళడం తప్పన్నది నా గట్టి నమ్మకం. ఎంత అందంగా ఉన్నా సరే. ఉన్న స్పైడర్లను ప్రేమగా చూసుకోండి, పిల్లల్ని మాత్రం చేయించొద్దు.

కాబట్టి మీరు చేయాల్సింది, తిండి పెట్టేటప్పుడు, చేతిలోకి తీసుకునేటప్పుడు వీడియో తీయండి. ఆకలితోనో, కంగారులోనో ఉన్నప్పుడు వాబుల్ బాగా బయటపడుతుంది, ముడుచుకుని పడుకున్నప్పుడు ఏ పామైనా బాగానే ఉంటుంది. తల పక్కకు ఒరగడం, స్క్రూ తిప్పినట్టు మెడ మెలిపడటం, ఎరను దాటి కాటు వేయడం గమనించండి. ఒకవేళ మొన్నటిదాకా బాగున్న పాము ఇప్పుడే కొత్తగా ఊగడం మొదలుపెడితే మార్ఫ్ గురించి ఇక్కడ చర్చ పెట్టి కూర్చోవద్దు. వేడి ఎక్కువైనా, పురుగుమందు తగిలినా, వైరస్ సోకినా ఇలాంటి లక్షణాలే వస్తాయి, వెంటనే సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంకోటి, ఛాంపేన్, వోమా లాంటి మార్ఫుల్లో కూడా వాబుల్ ఉంటుంది, ఒక్క స్పైడర్‌కే పరిమితం కాదు.

ఎల్లోబెల్లీ గురించి ఎక్కువ చెప్పను. పొట్ట మధ్య భాగం శుభ్రంగా ఉండి, పొట్టా పక్కా కలిసే అంచు దగ్గర గళ్ళు గళ్ళుగా ఉంటే అనుమానించవచ్చు. కానీ శుభ్రమైన పొట్ట ఉన్న నార్మల్స్ కావలసినన్ని. పాస్టెల్, పిన్‌స్ట్రైప్ పైన ఉన్నప్పుడు ఎల్లోబెల్లీ గుర్తులు ఇంకా కలిసిపోతాయి. రెండు కాపీలు వస్తే మాత్రం ఎవరూ పొరబడరు, దాదాపు తెల్లగా, వెన్ను మీద పసుపు ఛాయతో ఉంటుంది, దాన్ని ఐవరీ అంటారు. ఒక ఎల్లోబెల్లీతో జత కట్టించినప్పుడు ఐవరీ పుడితే రెండో పాములోనూ అది ఉన్నట్టే, లేదా అదే కుటుంబానికి చెందిన జన్యువు ఉన్నట్టు.

కుటుంబం అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను, అమ్మకం ప్రకటనలు చదివేటప్పుడు మీకు బాగా పనికొస్తుంది. పేర్లు వేరైనా కొన్ని మార్ఫులు ఒకే జన్యువులోని వేర్వేరు మార్పులు. మొహావీ, లెస్సర్, బటర్, ఫాంటమ్, మిస్టిక్, రుసో ఇవన్నీ ఒక గుంపు. రెండు కలిస్తే పాము తెల్లగానో, బాగా వెలిసిపోయిన బూడిద రంగులోనో మారుతుంది. రెండు కాపీల లెస్సర్ అయితే నీలి కళ్ళ తెల్ల పాము, రెండు కాపీల మొహావీ అయితే తెల్లగానే ఉండి తల మీద బూడిద ఛాయ ఉంటుంది. ఈ గుంపు ఈడీఎన్‌ఆర్‌బీ1 అనే జన్యువుతో ముడిపడి ఉందని పరిశోధనల్లో తేలింది. ఒక పాములో ఒక జన్యువుకు రెండే కాపీలుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. అందువల్ల "మొహావీ లెస్సర్ ఫాంటమ్" అని ఎవరైనా మూడూ ఒకే పాముకు తగిలిస్తే అది అసాధ్యం. మీ పాముకు చక్కటి ప్యాటర్న్ ఉంది కాబట్టి ఈ గుంపులోవి రెండు ఉండవని ఫొటో చూసే చెప్పొచ్చు. ఒకటి ఉందా అంటే, మొహావీ అయితే పక్కల మీద ఒక్కో మచ్చలో ఒక్కో చుక్క, పొట్ట నుంచి పైకి లేచే మంటల్లాంటి లేత గుర్తులు ఉంటాయి. మీ దాంట్లో నాకవి కనిపించలేదు. ఇక లెస్సరా, బటరా అన్న గొడవలోకి దిగకండి, ఆ రెండూ ఎవరి దగ్గర మొదలైన లైన్ అన్న తేడానే తప్ప చూసి విడదీయగలిగినవి కావు.

హెట్ క్లౌన్. క్లౌన్ రిసెసివ్, అంటే రెండు కాపీలూ ఉంటేనే పైకి కనిపిస్తుంది. ఒక కాపీ ఉన్నదాన్ని హెట్ అంటారు. హెట్ పాముల్లో గుర్తులుంటాయని చాలామంది చెబుతారు, ముఖ్యంగా హెట్ పైడ్ (పైడ్ కూడా ఒక రిసెసివ్ మార్ఫే) విషయంలో, తోక దగ్గర పొట్ట మీద రెండు గీతలు కనిపిస్తే హెట్ అని. ఆ గీతలు హెట్ కాని వాటిలోనూ ఉంటాయి, హెట్ అయి ఉండీ గీతలు లేనివీ ఉంటాయి, డబ్బు పెట్టేటప్పుడు దాని మీద ఆధారపడకండి. "66 శాతం హెట్" అని రాసి ఉంటే ఆ పాములో 66 శాతం క్లౌన్ ఉందని కాదు. రెండు హెట్లను జత కట్టించినప్పుడు పుట్టిన, పైకి క్లౌన్‌గా కనిపించని పిల్లల్లో మూడింట రెండు హెట్ అయ్యే అవకాశం ఉందని. హెట్‌ను నార్మల్‌తో కట్టిస్తే పుట్టే పిల్లల్ని 50 శాతం హెట్ అంటారు. మీకు అమ్మినవాళ్ళు "హెట్" అన్నారా, "పాసిబుల్ హెట్" అన్నారా అన్నది మళ్ళీ అడగండి, తల్లిదండ్రుల్లో ఒకటి కళ్ళకు కనిపించే క్లౌన్ అయితేనే 100 శాతం హెట్ అన్న మాటకు విలువ.

జత కట్టించి తేల్చుకోవాలంటే క్లౌన్ మగదానితో కట్టించడం మేలు. మీ ఆడది నిజంగా హెట్ అయితే ఒక్కో గుడ్డుకు సగం అవకాశం. 6 గుడ్లు పెట్టి ఒక్క క్లౌన్ కూడా రాకపోతే, హెట్ అయి ఉండీ అలా జరిగే అవకాశం 64లో 1 మాత్రమే, దాదాపు లేదనుకోవచ్చు. అదే ఇంకో హెట్‌తో కట్టిస్తే ఒక్కో గుడ్డుకు పావు వంతే, 6 గుడ్లలో ఒక్కటీ రాకుండా పోయే అవకాశం 18 శాతం దాకా ఉంటుంది, ఏమీ తేలదు. ఒక్క క్లౌన్ పుట్టినా చాలు, హెట్ అని రుజువైపోతుంది. కానీ ఇప్పుడు ఇదంతా అక్కర్లేదు. విడిచిన కుబుసం ముక్క పంపితే పరీక్ష చేసే ల్యాబ్‌లు వచ్చాయి, క్లౌన్‌తో సహా చాలా మార్ఫులకు పరీక్ష ఉంది. అన్నింటికీ లేదు, పంపేముందు వాళ్ళ జాబితా చూసుకోండి, స్పైడర్ ఉంటే అదీ చేయించండి. కుబుసం తడిగా ఉంటే బూజు పడుతుంది, ఆరబెట్టి కాగితం కవర్‌లో పెట్టండి, మగదాని కుబుసంతో కలవకుండా చూడండి.

ఈ పరీక్షలకు పునాది వేసిన పరిశోధనలు నాకెంతో ఇష్టం. ఆల్బినో బాల్ పైథాన్‌ను పెంపకంలో తొలిసారి పుట్టించింది 1992లో, బాబ్ క్లార్క్ అనే పెంపకందారు. ఆ ఆల్బినోలో పాడయింది నలుపు రంగును తయారుచేసే టైరోసినేజ్ ఎంజైమ్ జన్యువని తర్వాత తేలింది. లావెండర్ ఆల్బినోలో పాడయింది వేరే జన్యువు, ఓసీఏ2. అందుకే ఆ రెండింటినీ కలిపితే పిల్లలన్నీ నార్మల్‌గా పుడతాయి, "రెండు ఆల్బినోలకు నల్ల పిల్లలేంటి, మోసం చేశారు" అని గొడవపడినవాళ్ళున్నారు, అందులో మోసమేమీ లేదు. క్యాండీ అనే మార్ఫ్ మాత్రం ఆల్బినోతో ఒకే జన్యువు, రెండూ కలిస్తే క్యాండినో వస్తుంది. అక్సాంథిక్ అనే బూడిద రంగు మార్ఫ్‌లోనూ ఇదే తంటా, వీపీఐ లైన్, టీఎస్‌కే లైన్ (వేర్వేరు పెంపకందారుల దగ్గర మొదలైన వంశాలు) చూడటానికి ఒకేలా బూడిద రంగులో ఉన్నా కలిపితే నార్మల్ పిల్లలే. ఏ లైనో తెలియని అక్సాంథిక్ ఎవరైనా ఇస్తానంటే పెంచుకోవడానికైతే తీసుకోండి, పిల్లల కోసమైతే వద్దు.

ఇక మీ బనానా మగపాము. స్పైడర్ లేదని తేలినా, మొదటి జతకు బనానా నా సలహా కాదు. మీ ఆడదాంట్లో ఏముందో తేల్చుకోవడమే ఇప్పుడు పని. బనానా ముదురు రంగును లేతగా మార్చేస్తుంది, పిల్లల్లో సన్నటి తేడాలు కనిపించవు. నార్మల్ మగదానితో కట్టిస్తే పాస్టెల్ విడిగా, పిన్‌స్ట్రైప్ విడిగా, రెండూ కలిసి, రెండూ లేకుండా పుడతాయి. తల్లిలో కలగలిసిపోయిన జన్యువులు పిల్లల్లో విడివిడిగా కళ్ళముందుంటాయి.

ఆ తర్వాత బనానాతో కట్టించాలనుకుంటే అది ఎవరి నుంచి వచ్చిందో కనుక్కోండి, తల్లి నుంచా, తండ్రి నుంచా అని. బనానా జన్యువు లింగాన్ని నిర్ణయించే క్రోమోజోమ్ మీద ఉంటుంది. పైథాన్లలో మనుషుల్లాగే ఎక్స్, వై పద్ధతి ఉందని 2017లో తేలింది, అంతకుముందు పాములన్నిటిలో పక్షుల పద్ధతే (ఆడదానిలో రెండు వేర్వేరు లింగ క్రోమోజోమ్‌లు) ఉంటుందని అనుకునేవారు. మీ మగదానికి బనానా తండ్రి నుంచి వచ్చి ఉంటే అది వై మీద ఉన్నట్టు, దానికి పుట్టే బనానా పిల్లలు చాలావరకు మగవే. తల్లి నుంచి వచ్చి ఉంటే ఎక్స్ మీద ఉన్నట్టు, బనానా పిల్లలు చాలావరకు ఆడవే. అప్పుడప్పుడు అటుదిటు అవుతుంది, నూటికి నూరు కాదు. ఆడ బనానాలకు ఈ పేచీ లేదు, వాటి పిల్లల్లో రెండూ సమానంగా వస్తాయి.

కుబుసం విడిచిన రెండు మూడు రోజులకు మళ్ళీ ఫొటోలు తీసి పెట్టండి. పగటి వెలుతురులో, నేరుగా ఎండ పడకుండా, ఫ్లాష్ లేకుండా, ఫిల్టర్ లేకుండా, పక్కన తెల్ల కాగితం పెట్టి తీస్తే రంగు ఎంత మారిందో మాకు తెలుస్తుంది. పై నుంచి ఒకటి, రెండు పక్కలూ విడివిడిగా, తల పై నుంచి, తల పక్క నుంచి, కన్ను దగ్గరగా, పొట్ట పొడవునా. ఎడమ పక్క నడుము దగ్గర తప్పకుండా దగ్గరగా తీయండి, నాకు కావాల్సింది ముఖ్యంగా అదే. పాత యజమాని దగ్గర దీని చిన్నప్పటి ఫొటో ఉంటే అడిగి తెచ్చుకోండి, వీటన్నిటికంటే అది ఎక్కువ చెబుతుంది. తిండి పెట్టేటప్పటి వీడియో కూడా. అప్పటిదాకా డబ్బా మీద "పాస్టెల్, బహుశా పిన్‌స్ట్రైప్, హెట్ క్లౌన్ నిర్ధారణ కాలేదు" అని రాసి పెట్టుకోండి. రేపు ఎవరికైనా ఇవ్వాల్సి వచ్చినా అచ్చం ఆ మాటలతోనే ఇవ్వండి.